నాన్నతో నాలుగు పెద్ద స్టేషన్లు

ఇంటికొచ్చి మూడు రోజులైంది. సూట్‌కేసు ఇంకా హాల్లోనే పడుంది. మర్చిపోకముందే రాసి పెట్టుకుంటున్నాను.

నాన్న ముప్పై నాలుగేళ్లు స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరయ్యారు. న్యూజెర్సీలో మా ఇంటికొచ్చి రెండు నెలలైంది. ఎక్కడికి తీసుకెళ్లను నాన్నా అంటే, "నయాగరా టీవీలో చూశాలే. ఇక్కడి పెద్ద స్టేషన్లు చూపించు. బండి మీదే పోదాం" అన్నారు. పద్నాలుగేళ్లుగా ఈ దేశంలో ఉంటున్నాను. లోకల్ బండి తప్ప దూరపు బండి ఒక్కటీ ఎక్కిన పాపాన పోలేదు. ఆ సంగతి ఆయనతో అనలేదు.

సెప్టెంబరు 18, గురువారం: న్యూయార్క్

పప్పులో కాలు మొదటి గంటలోనే వేశాను. ముందు రాత్రి బస చేసింది గ్రాండ్ సెంట్రల్ పక్కన. బఫెలో బండి ఏడుంబావుకి. ఇంత పెద్ద స్టేషన్ ఉండగా బండి ఇంకెక్కణ్నుంచి కదులుతుంది? ఆ ధీమాతో, ఫోన్లో టికెట్ మీద ఏం రాసుందో కూడా చూడకుండా ఆరింటికే నాన్నని తీసుకుని వెళ్లిపోయాను.

ఆ హాల్లోకి అడుగు పెట్టగానే నాన్న సూట్‌కేసు హ్యాండిల్ వదిలేశారు. ఆకుపచ్చ నీలం కలిసిన కప్పు మీద బంగారు నక్షత్రాలు, మధ్యలో నాలుగు ముఖాల గడియారం. 1913 ఫిబ్రవరి 2న తెరిచారు, ప్లాట్‌ఫారాలు 44. ఆ కప్పులో పీత బొమ్మ పక్కన చిన్న నల్లటి చదరం ఒకటుంది. 1990లలో కప్పు కడిగినప్పుడు, అంతకుముందు ఎంత మసిపట్టి ఉండేదో జనానికి తెలియాలని ఆ కాస్తా వదిలేశారట. చూపించాను. నాన్న మాత్రం కప్పు చూడ్డం మానేసి బోర్డు చదువుతున్నారు.

"అన్నీ దగ్గరూళ్లేరా. బఫెలో లేదే?"

నేల తుడుస్తున్న పెద్దాయన్ని అడిగాను. చీపురుకర్ర మీద గడ్డం ఆనించి, జాలిగా నవ్వి, దూరపు బళ్లు ఇక్కడి నుంచి వెళ్లిపోయి ముప్పై ఏళ్లు దాటిందన్నాడు. నిజమే. 1991 ఏప్రిల్‌లో వాటిని పడమటి పక్కనున్న పెన్ స్టేషన్‌కి మార్చేశారు. ఒకప్పుడు చికాగో పోయే ట్వంటియత్ సెంచరీ లిమిటెడ్ కోసం ఎర్ర తివాచీ పరిచింది ఈ స్టేషన్లోనే. ఆ బండిని 1967 డిసెంబరులో తీసేశారు. ఇప్పుడు ఇక్కణ్నుంచి పోయేవన్నీ ఆఫీసు జనం బళ్లే. అయితే, ఆ జనం ఉన్నారు కాబట్టే ఈ హాలు హాలులా ఉంది. మేం నిలబడ్డ పది నిమిషాల్లో కాఫీ గ్లాసులతో కొన్ని వందల మంది మమ్మల్ని ఒరుసుకుంటూ పోయారు.

బయటికి పరిగెడుతూనే ఇంకో ముచ్చట చెప్పాను. ఇక్కడ బోర్డు మీద వేసిన టైముకి ఒక్క నిమిషం ఆగి కదుపుతారు, పరిగెత్తుకొచ్చేవాళ్ల కోసం. నాన్న ముఖం చిట్లించారు. "అదేం పద్ధతి? రేపు జనం ఆ నిమిషాన్నీ లెక్కలో వేసుకుంటారు."

ట్యాక్సీ పద్దెనిమిది డాలర్లు, పైన మూడు. పెన్ స్టేషన్‌కి కొత్తగా చేర్చిన మొయినిహాన్ హాలు చేరేసరికి ఏడైంది. పాత పెద్ద పోస్టాఫీసు కట్టడాన్ని మార్చి 2021 జనవరి 1న తెరిచిన హాలు ఇది, గాజు కప్పుతో వెలుతురుగా ఉంటుంది. దీని ఎదురుగా 1910 నాటి అసలు పెన్ స్టేషన్ కట్టడం ఉండేది. రోమ్ స్నానశాలల నమూనాలో రాతితో కట్టిన దాన్ని 1963 అక్టోబరులో కొట్టడం మొదలుపెట్టారు. రైల్వే కంపెనీ నష్టాల్లో ఉండి పైన జాగా అమ్ముకుంది, అక్కడ స్టేడియం వెలిసింది. కూల్చిన రాళ్లూ స్తంభాలూ చాలామటుకు న్యూజెర్సీ చిత్తడి నేలల్లో పోశారు. నేను రోజూ ఆఫీసుకు వెళ్లే దారి ఆ చిత్తడి పక్కనుంచే. ఇన్నేళ్లలో అటు తిరిగి చూసింది లేదు.

బండెక్కాక సర్దుకుంది. ఎడమ కిటికీలో హడ్సన్ నది రెండు గంటలకు పైగా వదలకుండా వెంట వచ్చింది. కండక్టరమ్మ టికెట్ చూసి, కాగితం ముక్క మీద బి.యు.ఎఫ్. అని పెన్నుతో రాసి మా సీటు పైన అంచులో దోపింది. నాన్న ఎంత మురిసిపోయారో! "చార్టు అక్కర్లేదు, బెర్తు నంబరు గోల లేదు. ముక్క చూస్తే చాలు, ఎవర్ని ఎక్కడ దింపాలో తెలిసిపోతుంది." ఆ ముక్క దిగేటప్పుడు అడిగి జేబులో వేసుకున్నారు. ఇప్పుడది మా ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉంది.

ఆల్బనీ దాటి ఇంకొంత పోయాక, వేగం ఎంతుంటుందని కండక్టరమ్మని అడిగించారు. గంటకు 79 మైళ్లు, ఇక్కణ్నుంచి అంతకు మించదంది. "ఎనభై కాకుండా డెబ్బై తొమ్మిదేంట్రా, బేరమాడినట్టు?" దీనికో కథ ఉంది. 1947లో ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇచ్చింది: 80 మైళ్లు, ఆపైన నడపాలంటే ఇంజన్లోనే సిగ్నల్ కనపడే ఏర్పాటో, బండిని దానంతటదే ఆపే ఏర్పాటో ఉండాలని. ఖర్చెందుకని చాలా కంపెనీలు 79 దగ్గర ఆగిపోయాయి. డెబ్బై ఎనిమిదేళ్లయినా అంకె అదే.

మధ్యాహ్నం పొలాల మధ్య బండి ఆగింది. పది నిమిషాలు, ఇరవై, నలభై. నాన్న వాచీ చూసుకోవడం, మెడ చాచడం. చివరికి ఎదురుగా గూడ్సు వచ్చింది, పెట్టె మీద పెట్టె రెండంతస్తుల కంటైనర్లతో. ఆయన వేలు మడుస్తూ లెక్కపెట్టారు. నూట పన్నెండు. చివర్న కొక్కేనికి తగిలించిన చిన్న ఎర్రదీపం మిణుకుమంటూ పోయింది.

"బ్రేక్ వ్యాన్ ఏది? గార్డేడీ?"

"1980ల నుంచి తీసేస్తూ వచ్చారు నాన్నా. ఇప్పుడు ఆ దీపమే గార్డు."

"గార్డు లేని గూడ్సుకి లైన్ ఇచ్చి, జనం ఉన్న బండిని పక్క లూప్‌లైన్లో పడేశారా!"

చట్టం ప్రకారం జనం బండికే ముందు దారి ఇవ్వాలి, 1973 నుంచి ఉన్న నియమమే అది. కానీ పట్టాలు గూడ్సు కంపెనీవి, సిగ్నలూ వాళ్లదే. దూరంగా థ్రూవే అనే హైవే మీద కార్లు బారులు తీరి సాగిపోతున్నాయి. నేనెప్పుడూ అటువైపు ఉండేవాణ్ని.

సెప్టెంబరు 19, శుక్రవారం: బఫెలో

బఫెలో దాకా పోయి నయాగరా వైపు చూడకుండా తిరిగొచ్చిన తండ్రీకొడుకులం మేమిద్దరమే అయ్యుంటామని మా ఆవిడ ఇప్పటికీ అంటోంది.

పొద్దున బ్రాడ్‌వే మార్కెట్‌కి వెళ్లాం. పోలండ్ నుంచి వచ్చినవాళ్ల పేట అది. ఒక ముసలమ్మ కొట్లో పియెరోగీలు కొన్నాం, ఆరు పది డాలర్లు. కజ్జికాయ ఆకారమే గానీ లోపల బంగాళాదుంప ముద్ద, పైన వెన్నలో ఎర్రగా వేయించిన ఉల్లిపాయలు. నాన్న ఒకటి తిని, "కారం లేదు గానీ చేయి తిరిగినావిడే" అని కితాబిచ్చారు. ఈస్టర్ మర్నాడు ఇక్కడ డింగస్ డే అని చేస్తారట, ఆడా మగా నీళ్ల తుపాకులతో, విల్లో రెమ్మలతో తరుముకుంటారట. ముసలమ్మ అభినయించి మరీ చూపించింది.

అక్కణ్నుంచి సెంట్రల్ టెర్మినల్ నడిచి వెళ్లేంత దూరమే. కళ్ల ముందు పదిహేడు అంతస్తుల బురుజు కనిపిస్తూనే ఉంది, అయినా దారి తప్పాం. ఫోను చూపిన సందు ఒక కంచె దగ్గర ఆగిపోయింది. వెనక్కొచ్చి ఇంకో సందు పట్టాం. సగం ఇళ్లు ఖాళీ, కొన్ని చోట్ల ఇల్లుండాల్సిన జాగాలో గడ్డి. ఓ కుర్రాడు సైకిలాపి, మేం అడక్కుండానే, "స్టేషన్‌కా? అటు" అని చెయ్యి చూపించాడు. తప్పిపోయేవాళ్లు రోజూ తగులుతారు కాబోలు.

దగ్గరికెళ్లి చూస్తే మనిషి కుంచించుకుపోతాడు. 1929 జూన్‌లో తెరిచారు. రోజుకు 200 బళ్ల లెక్కన కట్టారని చదివింది చెప్పాను. నాన్న మనసులో భాగించుకుని, "ఏడు నిమిషాలకో బండి. డ్యూటీలో ఉన్నవాడికి మంచినీళ్లు తాగే తీరిక ఉండదు" అన్నారు. ఆ అవసరం ఎన్నాళ్లో నిలవలేదు. నాలుగు నెలలకే షేర్ మార్కెట్ కూలింది. యుద్ధం రోజుల్లో సైనికులతో కిటకిటలాడింది గానీ, తర్వాత హైవేలు వచ్చాయి, విమానాలు వచ్చాయి. 1979 అక్టోబరులో ఆఖరి బండి పోయింది. ఆ తర్వాత కొన్నవాళ్లు దీపాలూ, సామాన్లూ ఒక్కొక్కటే అమ్ముకున్నారు. హాల్లో గడియారం కూడా చికాగో దాకా పోయింది. ఊరివాళ్లు చందాలేసుకుని దాన్ని వెనక్కి తెచ్చుకున్నారు.

పనులు జరుగుతున్నాయి, లోపలికి పోనివ్వలేదు. బయట పచ్చిక అంచున ఒక పెద్దాయన మోకాళ్ల మీద కూర్చుని బంతిపూల మొక్కల చుట్టూ కలుపు తీస్తున్నాడు. చేతికి మట్టి, చెవికి వినికిడి యంత్రం. జీతానికి కాదు, ఊరికే చేస్తాడట. 1997లో ఈ పేట వాళ్లు సంఘం పెట్టుకుని ఈ మొత్తాన్నీ ఒక్క డాలరుకు కొన్నారని, పన్ను బకాయిలు మాత్రం నెత్తికెత్తుకున్నారని చెప్పాడు. "ఆ డాలరే ఖరీదైంది" అని నవ్వాడు.

చిన్నప్పుడు వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని ఇక్కడికి వచ్చేవాడట. హాలు మధ్యలో బైసన్ బొమ్మ ఉండేది, తప్పిపోతే ఎవర్నీ అడక్కుండా తిన్నగా దాని కింద నిలబడమని చెప్పేదట అమ్మ. ఒకసారి నిజంగానే తప్పిపోయాడు. వెళ్లి చూస్తే ఆ బొమ్మ కింద అప్పటికే ఇంకో ముగ్గురు పిల్లలు ఏడుస్తూ నిలబడి ఉన్నారు.

నాన్న స్టేషన్ మాస్టరని చెప్పగానే ఆయన లేచి నిలబడి, చేతి మట్టి ప్యాంటుకి తుడుచుకుని, చెయ్యి కలిపాడు. "రేపు ఇక్కడ మీకు డ్యూటీ వేస్తే చేస్తారా?" అనడిగాడు. నేను తెలుగులో చెప్పాను. నాన్న ఆ బురుజు వైపు చాలాసేపు చూసి, "పాయింట్లు గ్రీజు పెట్టి ఉంచమను" అన్నారు. పాయింట్లంటే బండిని ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకి మళ్లించే కీళ్లు. నా ఇంగ్లీషులో ఆ మాటకి సగం రుచే మిగిలింది. అయినా ఆయనకి అందింది.

రాత్రి చేపలు. బఫెలోలో శుక్రవారమంటే చేపల వేపుడు, అదో ఆచారం. పళ్లెం దాటి బయటికి వేలాడే హ్యాడక్ ముక్క, పక్కన బంగాళాదుంప, క్యాబేజీ, రై రొట్టె. తలా ఇరవై ఒక్క డాలర్లు. నాన్న నిమ్మకాయ పిండుకుని, మా సంచిలోని కారప్పొడి చల్లుకుని, తోక దాకా తిన్నారు. బిల్లు మీద ఇరవై శాతం టిప్పు వేస్తుంటే మాత్రం నా చెయ్యి పట్టుకున్నారు. "చేప ఆయన పట్టాడా?" వడ్డించిన అమ్మాయి అది చూసి, భాష రాకపోయినా అర్థమై, పకపకా నవ్వింది. టిప్పు వేశాను.

చికాగో బండి ఊరికి ఇవతల డిప్యూ అనే చోట, అర్ధరాత్రి వేళ. సెంట్రల్ టెర్మినల్ మూసేసిన ఏడాదే ఇది కట్టారు. ఒక గది, కొన్ని కుర్చీలు, పానీయాల మిషను. "ఇది హాల్ట్ కదరా" అన్నారు నాన్న. పొద్దున చూసిన బురుజు నీడలో దీన్నొక పది పెట్టొచ్చు. అయితే ఇక్కడ బండి ఆగుతుంది.

సెప్టెంబరు 20, శనివారం: చికాగో

తెల్లారేసరికి ఇండియానా మొక్కజొన్న పొలాలు. మా వెనక సీట్లో ఆమిష్ కుటుంబం. విమానం ఎక్కరు, కారు నడపరు కాబట్టి దూర ప్రయాణానికి వీళ్లకి రైలే దిక్కు. మీసం లేని తెల్లగడ్డం పెద్దాయన, టోపీ ఒళ్లో పెట్టుకుని కిటికీ చూస్తున్నాడు. నాన్న కారప్పూస డబ్బా తెరిచి ఆయన ముందు పెట్టారు. ఒక్క పుల్ల తీసుకున్నాడు. నమిలాడు. ముఖం కందగడ్డయింది. అయినా ఇంకో పుల్ల తీసుకున్నాడు, మర్యాదకే. తర్వాత ఆయన భార్య గుడ్డలో కట్టిన అల్లం బిస్కెట్లు మా వైపు జరిపింది. నాన్నా, ఆ పెద్దాయనా చికాగో దాకా వేళ్లతోనూ తలలతోనూ మాట్లాడుకున్నారు, ఆవుల గురించి అనుకుంటాను.

యూనియన్ స్టేషన్ 1925 నాటిది. గ్రేట్ హాల్లో పొడుగాటి చెక్కబెంచీలు, పైన గాజు కప్పు. యుద్ధకాలంలో ఆ గాజుకి నల్లరంగు పూశారట, విమానాలకు కనపడకుండా. అప్పట్లో రోజుకు 300 బళ్లు, లక్షమంది జనం. బళ్ల దగ్గరికి పోయే పాత కాంకోర్స్‌ని 1969లో కూల్చేసి మీద ఆఫీసులు కట్టారు. అందుకే ఈ హాలు పెళ్లివారు వెళ్లిపోయిన విడిదిలా ఉంది, జనమంతా పక్కన నేలమాళిగలో తోసుకుంటున్నారు.

స్తంభాల మీద రెండు రాతి బొమ్మలున్నాయి. ఒకామె చేతిలో కోడిపుంజు, ఒకామె చేతిలో గుడ్లగూబ. నేను ఫోన్లో వెతికేలోపే నాన్న తేల్చేశారు: "ఆవిడది డే డ్యూటీ. ఈవిడది నైట్ డ్యూటీ. గుడ్లగూబావిడ కళ్లు చూడు, నిద్ర లేదు." నిజంగానే అవి పగలూ రాత్రీ బొమ్మలు.

శనివారం కాబట్టి ఆయన మాంసం ముట్టరు. రెండంగుళాల మందం జున్ను పిజ్జా ఒకటి, ముప్పై రెండు డాలర్లు. సగం మిగిలింది. దాని గురించి చెప్పడానికి ఇంకేం లేదు.

చూడాల్సింది స్టేషన్ పక్కనుంది. పట్టాల మీదే కట్టిన బ్రహ్మాండమైన పాత పోస్టాఫీసు. ఉత్తరాల సంచులు కిందికి దించితే నేరుగా బండిలోకే. నడుస్తున్న బండిలో ఉత్తరాలు వేరుచేసే పెట్టెలుండేవని చెప్పబోతే, "మన రైల్వే తపాలా, ఆర్.ఎం.ఎస్. నాకు చెప్తావేంట్రా" అన్నారు. సరే, ఆ సంచుల డబ్బే చాలా బళ్లని నిలబెట్టింది. 1967లో తపాలా శాఖ ఆ పనిని చాలామటుకు విమానాలకీ లారీలకీ మార్చేసింది. ఉత్తరాలు పోయిన బళ్లలో జనం టికెట్ల డబ్బు ఖర్చులకి చాల్లేదు, వరసబెట్టి రద్దు చేశారు. 1920లో 120 కోట్లకు పైగా ప్రయాణాలు మోసిన కంపెనీల్లో చాలామటుకు 1971 మే 1న జనం బళ్ల పనిని ఆమ్‌ట్రాక్ అనే ప్రభుత్వ సంస్థ చేతిలో పెట్టి బయటపడ్డాయి. ఎక్కేవాళ్లు తగ్గారు కాబట్టి బళ్లు తీశారంటారు. తీశారు కాబట్టి కూడా తగ్గారని నా లెక్క.

ఆ పోస్టాఫీసు పొట్టలో పెద్ద కన్నం ఉంది. అందులోంచి ఎక్స్‌ప్రెస్‌వే దూసుకుపోతుంది. పడమటికి పోతే ఆ రోడ్డు పేరు ఐసెన్‌హోవర్, 1956లో దేశమంతా హైవేలు పరిచే చట్టం మీద సంతకం చేసిన అధ్యక్షుడు. కింద పట్టాలు, పైన పోస్టాఫీసు, మధ్యలో కార్లు. నాన్న వంతెన పిట్టగోడ పట్టుకుని కార్లు లెక్కపెట్టడం మొదలుపెట్టి, నూటికి చేరకముందే విసుగొచ్చి మానేశారు.

సెప్టెంబరు 21, ఆదివారం: సిన్సినాటి

ఈ ఊరికి చికాగో నుంచి వారానికి మూడే బళ్లు. సాయంత్రం ఎక్కితే తెల్లవారుజామున మూడు దాటాక దింపుతుంది. మాతో దిగినవాళ్లు పదిహేను మంది ఉంటారు. నిద్రకళ్లతో సామాన్లు ఈడ్చుకుంటూ లోపలికి అడుగుపెట్టి, అందరం ఒకేసారి తలలెత్తాం.

బోర్లించిన సగం గిన్నెలాంటి గుమ్మటం. 106 అడుగుల ఎత్తు, పసుపూ నారింజా రంగుల పట్టీలు. గోడలకి రంగు గాజుముక్కలతో పొదిగిన నిలువెత్తు మనుషులు, రైలు కూలీలూ, రైతులూ. ఆ చప్పుడు లేని చోట మా సూట్‌కేసు చక్రాలు గరగరమని, ఆ గరగర గుమ్మటం చుట్టి మళ్లీ మాకే వినిపించింది. నాన్న సూట్‌కేసు చేత్తో ఎత్తి పట్టుకున్నారు, ఎవరో నిద్రపోతున్నట్టు.

హోటల్లో కునుకు తీసి పదింటికి మళ్లీ వచ్చాం. ఇప్పుడిది మ్యూజియం. పిల్లల అరుపులు, డైనోసార్ ఎముకలు. 1933లో రోజుకు 216 బళ్లు తట్టుకునేలా కట్టారు, బఫెలో టెర్మినల్ గీసిన వాస్తుశిల్పులే. 1972లో బళ్లు ఆగిపోయాయి. 1974లో వెనకాల కాంకోర్స్‌ని కూల్చేశారు, ఎత్తయిన గూడ్సులు పోవడానికి అడ్డొస్తోందని. గాజుబొమ్మల్లో పద్నాలుగింటిని జాగ్రత్తగా ఊడదీసి ఎక్కడికి తరలించారంటే, విమానాశ్రయానికి. 1991లో జనం బండి తిరిగొచ్చింది, అర్ధరాత్రి చుట్టంలా.

పచ్చటి రూక్‌వుడ్ పింగాణీ పలకల గదిలో ఐస్‌క్రీమ్ అమ్ముతున్నారు. రెండు కప్పులు పదమూడు డాలర్లు. అక్కడ కూర్చున్నప్పుడే పక్క బల్ల మీదావిడ పైన పాత సిగ్నల్ కేబిన్ ఉందని చెప్పింది.

టవర్ ఏ అంటారు దాన్ని. ఒకప్పుడు ఈ స్టేషన్ పాయింట్లూ సిగ్నళ్లూ అన్నీ అక్కణ్నుంచే కదిలేవి. గోడ నిండా పట్టాల పటం. రైలు పిచ్చి ఉన్న పెద్దమనుషులు దాన్ని కాపాడుతున్నారు. నాన్న ఆ పటం ముందు నిలబడి, వేలితో గాల్లోనే ఒక బండిని లోపలికి తెచ్చారు, ప్లాట్‌ఫారం మీద పెట్టారు, బయటికి పంపారు. కాపలా పెద్దాయన ఏమీ అనలేదు. కుర్చీ ఒకటి కిటికీ దగ్గరికి జరిపి చూపించాడు.

కిటికీ కింద యార్డు, కనుచూపు మేరా గూడ్సులే. జనం బండి సంగతి అడిగాను. మీరు దిగిందే ఇవాళ్టికి, మళ్లీ అర్ధరాత్రి దాటాక చికాగో వైపొకటి అన్నాడు.

అంతలో ఒక గూడ్సు కదిలింది. ఎవరో చిన్నపిల్లాడు గాజుకి ముక్కు ఆనించి అంకెలు చదువుతున్నాడు, నాన్న వాడి పక్కన వేళ్లు మడుస్తున్నారు. ఎనభై దగ్గర వాడు లెక్క తప్పితే ఆయన అందుకున్నారు. నూట ముప్పై ఒకటి. తోక దగ్గర పడుతుండగా నాన్న కుర్చీలోంచి లేచి, చొక్కా సర్దుకుని, బండి బాగానే ఉందని గార్డుకి చూపే ఆల్ రైట్ ఇవ్వడానికి కుడిచెయ్యి ఎత్తారు. ఆఖరి పెట్టె వెనక ఎర్రదీపం మిణుకుమంటూ వంపు తిరిగింది.

చెయ్యి దించలేదు. పిల్లాడు ఆయన్ని చూసి, తనూ ఒక చెయ్యి ఎత్తాడు.